పసిబిడ్డల పద్దు

మృగశిర గడచి ఆరుద్ర ప్రవేశించునాటికి విజయవాడ కడ కాలువల తలుపులు లేచును. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఒకటొకటిగా నిండి, గుడివాడ మొదలు దివిసీమ కొస వరకు మడులు తడియును. ఆ వెనుక ఊడ్పులు. మోకాలిలోతు బురదలో నడుము వంచి నారు నాటునది ఆడుకూలి. ఆమె చంటిబిడ్డ గట్టుమీద తుమ్మకొమ్మకు కట్టిన పాతచీర ఉయ్యెలలో నుండును. ఆ ఉయ్యెల నూచునది ఆరేడేండ్ల అక్క. ఆ అక్క బడికి పోదు. బిడ్డ ఏడువకుండ నల్లమందు నాకించి పనికి పోవుటయు మన దేశమున ఒకనాడు వినరాని మాట కాదు.

1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ నేలమీద ప్రభుత్వము పెట్టిన ఖర్చునకును, నీటితీరువ రూపమున వచ్చిన రాబడికిని లెక్కలు తప్పక వ్రాయబడినవి. ఏ లాకు కడ ఎంత నీరు, ఏ గ్రామమున ఎన్ని ఎకరముల మాగాణి, ఏ రైతు ఎంత బాకీ, అన్నిటికిని కచ్చేరిలో పుస్తకము గలదు. గట్టుమీది బిడ్డకు మాత్రము ఏ పుస్తకమునను పుట లేకుండెను. మద్రాసు రాజధానిలో 1920లో వచ్చిన బాలల చట్టము నేరము చేసిన పిల్లలను, దిక్కులేని పిల్లలను గూర్చినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయుచోట పిల్లలకొక గది యుండవలెనని విధించినది. వరిచేను ఫ్యాక్టరీ కాదు గదా! కన్నబిడ్డల భారము తల్లిదనియు, తల్లి లేనిచో ధర్మాత్ములదనియు లోకము తలచుచుండెను. సర్కారు బొక్కసమునుండి పసిబిడ్డల పేర సొమ్ము వెచ్చించుటయు, ఆ సొమ్మునకు సర్కారు జవాబు చెప్పుటయు అనునది స్వాతంత్ర్యము వచ్చిన తరువాతనే పుట్టిన ఆలోచన. ఆ పద్దును తెరచి, దాని వ్రాతకు తొలి పద్ధతి ఏర్పరచిన చేయి ఒక తెలుగు స్త్రీది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగినది కాకినాడలో. ఎనిమిదవ యేట ఒక జమీందారీ కుటుంబమున ఆమెకు వివాహము చేసిరి. బుద్ధి తెలిసిన పిదప ఆమె ఆ బంధమున నిలువజాలనని తేటగా చెప్పి, వేరొక కన్యను వివాహమాడుమని ఆయనను కోరి, తొలగిపోయెను. ఆ కాలమున ఆ వయసు బాలిక ఇట్టి నిర్ణయము చేయుట ఎంత సాహసమో చెప్పనక్కరలేదు. ఆంగ్లవిద్య నేర్పు బడిని విడిచి, స్వయముగా హిందీ నేర్చి, కాకినాడలో బాలికల కొక హిందీ పాఠశాల నడపెను. విద్యార్థినులలో ఆమెకన్న పెద్దవారు కూడ ఉండిరి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెనని నిశ్చయించినది ఆ సమావేశమే. పింగళి వెంకయ్య తన జెండాను గాంధీ మహాత్మునకు చూపినదియు అప్పుడే. ఆ సభలు ముగిసిన వెంటనే మహాత్ముడు కాకినాడకు వెళ్లెను. అచటి దేవదాసీలకును, ఘోషాలోని మహమ్మదీయ స్త్రీలకును ఆయన దర్శనము, ఉపదేశము లభింపవలెనని పండ్రెండేండ్లు నిండని దుర్గాబాయి పట్టుపట్టెను. ఊరి పెద్దలు ఐదు వేల రూపాయల నిధి తెచ్చిన యెడల ఐదు నిమిషములు ఇత్తుమనిరి. హాస్యమునకే అనిరో, తప్పించుకొనుటకే అనిరో! ఆమె ఆ స్త్రీల వాకిళ్లకు తిరిగి ఆ సొమ్ము కూర్చి చూపెను. సభకు వచ్చిన స్త్రీలు ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చిరి. ఆ నాడు చేరిన విరాళము పాతిక వేలకు తక్కువ గాదని చెప్పుదురు. అటుపైన జరిగిన పెద్ద సభలో కొండ వెంకటప్పయ్య అనువదింపబూనగా మహాత్ముడు వారించి, తన హిందీ ప్రసంగమును తెనిగించు పని ఆ బాలికకే అప్పగించెను. లోకమునకు ఈ కథలో నచ్చినది ఆ అనువాద ఘట్టము. అంతకన్న గమనింపదగినది వేరొకటి కలదు. నలుగురి సొమ్మును చేతబట్టుట అననేమో ఆ బాలిక తొలిసారిగా ఎరిగినది ఆనాడే. అడిగిన మొత్తమును పైసతో లెక్కకట్టి తెచ్చి పెద్దల ముందు పెట్టనిదే వారి నోరు మూతపడదని ఆమెకు తెలిసెను.

రెండేండ్లకు, 1923లో, కాకినాడ కాంగ్రెసు మహాసభ. ఖద్దరు ప్రదర్శనశాల వాకిట దుర్గాబాయి స్వచ్ఛందసేవికగా నిలిచినది. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపవలదని ఆజ్ఞ. జవాహర్లాల్ నెహ్రూ వచ్చెను, ఆయన కడ టిక్కెట్టు లేదు, ఆమె ఆపివేసెను. కార్యకర్తలు పరుగున వచ్చి, బాలికను గద్దించి, చివరకు టిక్కెట్టు కొనియిచ్చిన పిమ్మటనే ఆయన లోనికి పోయెను. ఆయన కోపింపలేదు సరికదా, ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను. ఈ కథను మన పాఠ్యపుస్తకములు ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుచుండును. ధైర్యము నిజమే. కాని దాని అసలు రుచి వేరు. పెద్దవాడైనను, ఎంత పూజ్యుడైనను, ప్రజల ప్రదర్శనశాలకు చెల్లింపవలసినది చెల్లింపనిదే లోనికి పోరాదను పట్టుదల అది. ముప్పదియేండ్ల పిదప ఆ టిక్కెట్టు కొనిన నాయకుని ప్రభుత్వముననే ఆమె గ్రాంటుల వాకిట నిలువవలసి వచ్చెను.

ఉప్పు సత్యాగ్రహ దినములలో ఆమె మద్రాసులో ఉద్యమము నడిపి 1930 మొదలు 1933 లోపల మూడు పర్యాయములు చెరసాలకు పోయెను. మధుర జైలులో ఏకాంత నిర్బంధము ఆమె ఆరోగ్యమును దెబ్బతీసెను. వెల్లూరు జైలు ఆమెకు నేర్పిన పాఠము వేరు. హత్యానేరమున శిక్షపడిన స్త్రీలు అచట అనేకులుండిరి. తమపై మోపిన నేరమేమో, చేసికొనదగిన వాదమేమో తెలియక, మాటాడు దిక్కు లేక శిక్షకు లోనైన వారు వారిలో పలువురు. తాను న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె సంకల్పించినది ఆ గోడల నడుమనే.

చదువు ఆమెకు సుఖముగా రాలేదు. ప్రైవేటుగా కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను నెగ్గి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువబోగా, స్త్రీలకు వసతిగృహము లేదని చేర్చుకొనుటకు వెనుకాడిరి. ఆమె పత్రికలో ప్రకటనయిచ్చి తనవలె చదువగోరు స్త్రీలను కూడగట్టి వసతి ఏర్పరచుకొనగా కట్టమంచి రామలింగారెడ్డి అంగీకరింపక తప్పలేదు. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొంది న్యాయవాదవృత్తి చేపట్టెను. ఈలోగానే మద్రాసు ఇంటిలో చుట్టుపట్ల పిల్లలను చేర్చి హిందీ, ఆటపాటలు నేర్పిన చిన్న గుంపు పెరిగి 1937లో ఆంధ్ర మహిళాసభ యైనది. బడి మానిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనుకు తయారుచేయు తరగతులు, వృత్తివిద్య, పిదప ప్రసూతిగృహము, నర్సుల శిక్షణ, ఇట్లు ఒక్కొక్క శాఖయు అవసరమును బట్టి మొలచినదే కాని ముందు గీసిన పటమును బట్టి కాదు. 1943లో ఆంధ్రమహిళ అను పత్రికయు వెలసెను. సభ నడుచుటకు ఆమె దాతల గుమ్మములు ఎక్కని దినము లేదు. దాతకు రసీదు, సభకు జమాఖర్చు: కాకినాడలో అలవడిన పద్ధతి ఇచట స్థిరపడెను.

1946లో ఆమె రాజ్యాంగసభకు ఎన్నికయ్యెను. అధ్యక్షవర్గమున చోటుచేసికొన్న ఏకైక మహిళ ఆమెయే. ఆమె తెచ్చిన సవరణలు వందలు. రాజ్యసభ సభ్యత్వమునకు వయఃపరిమితిని 35 నుండి 30కి దించుట వానిలో ఒకటి. ఆ సభలో తయారైన రాజ్యాంగము, పసితనమును దోపిడినుండి కాపాడుట రాజ్యనీతియని 39వ అధికరణమునను, పదునాలుగేండ్లు నిండువరకు ఉచిత నిర్బంధ విద్యను పది సంవత్సరములలో కల్పింప యత్నింపవలెనని 45వ అధికరణమునను చెప్పినది. అయితే ఇవి ఆదేశసూత్రములు. వీనిని అమలుచేయలేదని ఏ తల్లియు కోర్టుకు పోజాలదు. మాట ఇచ్చినవాడు రాజ్యమే, మాట తప్పినచో అడుగు దారి మూసినవాడును రాజ్యమే! వెల్లూరు జైలులో దావా తెలియని స్త్రీలను చూచిన న్యాయవాదికి ఈ లోటు కనపడకుండునా? 1960 వచ్చినది, పోయినది. ఆ పదేండ్ల గడువు సంగతి లోకవిదితము.

1952 సార్వత్రిక ఎన్నికలలో ఆమె ఓడిపోయెను. ఆంధ్రులు తమ గొప్పవారిని ఓడించి ఆ పిమ్మట విగ్రహములు నిలుపుట క్రొత్త కాదు. నెహ్రూ ఆమెను ప్రణాళికాసంఘ సభ్యురాలిగా నియమించి సాంఘిక సంక్షేమము అప్పగించెను. 1953 జనవరి 22న ఆమె అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను రిజిస్టరు వివాహము చేసికొనెను, నెహ్రూ సాక్షి. ఆ యేడే ఆగస్టు 12న కేంద్ర ప్రభుత్వము ఒక తీర్మానము ద్వారా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును స్థాపించి ఆమెను తొలి అధ్యక్షురాలిని గావించెను. 1962 వరకు ఆమె ఆ స్థానమున నుండెను.

ఇచట కొంత నిలిచి చూడవలెను. మొదటి పంచవర్ష ప్రణాళిక తొలి అంచనా 2,069 కోట్ల రూపాయలు. అందులో స్వచ్ఛంద సంక్షేమ సంస్థలకు సహాయముగా కేటాయించినది 4 కోట్లు. వేయింట రెండు పాళ్లు కూడ నిండని మొత్తము. స్త్రీలు, శిశువులు, అంగవైకల్యము గలవారు అందరును ఈ మూటలోని వారే. ఆనకట్టలతో, ఎరువుల కర్మాగారములతో పోల్చినచో దీనిని ఎవరును లెక్కింపరు. కాని సర్కారు పుస్తకములో పసిబిడ్డ పేర ఒక పుట తెరవబడుట ఇదియే మొదలు. ఆ సొమ్మును ఎవరి ద్వారా, ఏ నియమముతో పంచవలెననునది అసలు చిక్కు.

రెండు దారులుండెను. ఒకటి, కలెక్టరు క్రింద మరియొక శాఖ పెట్టి గుమాస్తాల చేత పంచించుట. రెండవది, ఊరూర పనిచేయుచున్న అనాథాలయములకు, మహిళా సంఘములకు గ్రాంటులిచ్చుట. దుర్గాబాయి రెండవ దారి పట్టెను. పదునారేండ్లు ఆంధ్ర మహిళాసభను నడిపిన ఆమెకు గుమాస్తా చేతికంటె కార్యకర్త చేతియందే నమ్మకము. బోర్డులో అనధికార సభ్యులే ఎక్కువ. ఆర్థిక, విద్యా, ఆరోగ్య శాఖల ప్రతినిధులును ఉందురు. 1954లో ప్రతి రాష్ట్రమునను సలహా బోర్డు ఏర్పడెను. అందు స్త్రీలదే ముఖ్యస్థానము. దరఖాస్తు చేసిన సంస్థను వారు స్వయముగా చూచి, పిల్లలెందరు, పడకలెన్ని, వంటయిల్లు ఎట్లున్నది అని పరీక్షించి సిఫారసు వ్రాసెదరు. గ్రాంటు కోరు సంస్థ తన వంతు సొమ్ము తాను కూర్పవలెను. ఏడాది చివర తనిఖీ చేయించిన లెక్క దాఖలు చేయవలెను. తొలుత ఏటికేడు ఇచ్చిన గ్రాంటులు క్రమముగా ప్రణాళికాకాలమున కంతకును విస్తరించినవి. అప్పటివరకు ఈ దేశమున ఏ సంక్షేమసంస్థ ఎచట ఏమి చేయుచున్నదో ఒకచోట వ్రాసిన పుస్తకమైనను లేదు. ఆమె ప్రోద్బలముననే ప్రణాళికాసంఘము 1955లో అట్టి బృహద్గ్రంథమును ప్రచురించెను. ఎవరికి ఇచ్చుచున్నామో తెలియనిదే ఏమైనదని అడుగుట ఎట్లు?

ఈ పద్ధతిలో ఒక లోపము ఆరంభముననే తోచినది. సంఘము, రిజిస్ట్రేషను, పద్దుపుస్తకము గలవి పట్టణములు. విజయవాడ, బందరు, గుంటూరు వంటిచోట్ల దరఖాస్తు వ్రాయగల చదువరులుందురు. ఊడ్పులకు పోవు తల్లుల పల్లెలో సంఘమే లేదు. సంఘము లేని ఊరికి గ్రాంటు లేదు. ఉన్నవారికే అందు సహాయమును సంక్షేమమన వచ్చునా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా 1954 ఆగస్టు 15 నుండి గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకములు మొదలయ్యెను. సుమారు పాతిక గ్రామములకొక పథకము, అందు ఐదు కేంద్రములు, కేంద్రమున కొక గ్రామసేవిక, మంత్రసాని, చేతిపని నేర్పు బోధకురాలు, పిల్లల కొక బాలవాడి. ఖర్చు కేంద్ర బోర్డు, రాష్ట్ర ప్రభుత్వము, ఆ ఊరి జనము పంచుకొనవలెను. ఊరి జనమును కూడ వంతుదారులను చేయుటలో దుర్గాబాయి ఉద్దేశము పొదుపు మాత్రమే కాదు. తన రూపాయి కలిసిన చోట పల్లెటూరివాడు లెక్క అడుగును. అంతయు పైనుండి వచ్చినచో దానిని దేవుని ప్రసాదమువలె కన్నులకద్దుకొని ఊరకుండును. ఈ మర్మము కాకినాడ నిధి కూర్చినవారికి తెలియును.

సేవికలు ఎక్కడ దొరకుదురు? చదివిన పడుచు పల్లెకు రాదు, పల్లెలోనున్న స్త్రీకి చదువు లేదు. ఆంధ్ర మహిళాసభలో చేసిన ప్రయోగమే ఇచట పనికివచ్చెను. బడి మానిన వయోజన స్త్రీలకు రెండేండ్లలో పరీక్షకు సిద్ధముచేయు సంక్షిప్త విద్యాతరగతులను 1958లో బోర్డు దేశమంతట ప్రారంభించెను. వితంతువులు, భర్తలు విడిచినవారు వీనిలో చేరి బాలసేవికలుగ, గ్రామసేవికలుగ, నర్సులుగ బయలుదేరిరి. దుర్గాబాయి చేసిన పనులన్నిటిలోను చడీచప్పుడు లేక ఎక్కువ ఫలించినది ఇదియేయని చెప్పినచో తప్పు గాదు. ఆ యేడే ఆమె జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలై, 1959లో నివేదిక సమర్పించెను.

ఇక ఒప్పుకొనక తప్పని విషయములు రెండు గలవు. బోర్డు ఏర్పడినది ప్రభుత్వ తీర్మానము వలన. దానికి చట్టము లేదు, రిజిస్ట్రేషను లేదు. అయినను ప్రజాధనమును పంచినది. 1956 జూలైలో రాజీనామా చేయువరకు బొక్కసమునకు కాపరి ఆమె భర్త. ఆ బొక్కసమునుండి వచ్చు సొమ్మును పంచునది ఆమె. ఈ దంపతుల నిష్కళంకతను శంకించినవారు లేరు, శంకింప కారణమును లేదు. అయితే నిష్కళంకతయే నియమము కాజాలదు. మంచివారు కుర్చీలో నున్నంతకాలము లెక్క సరిగానే యుండును. వారు లేచిపోయిన పిమ్మట? ఆ తరమువారికి ఈ ప్రశ్న తోచలేదనరాదు కాని, తమ శీలమే హామీ యనుకొనుట వారి గొప్పతనమును, బలహీనతయు. బోర్డు కంపెనీల చట్టము క్రింద ధర్మసంస్థగా రిజిస్టరై చట్టరీత్యా ఒక ఆకారము దాల్చినది 1969లో. అప్పటికి దుర్గాబాయి తప్పుకొని ఏడేండ్లు.

రెండవది మరింత బరువైనది. ఆమె జీవితమంత సేవ. జీతమును గూర్చిన చింత ఆమెకు పట్టలేదు. పసిబిడ్డల సంరక్షణము సేవకు సంబంధించినదే కాని కొలువు కాదను భావము ఆనాటి సంక్షేమరంగమున పాతుకొనిపోయినది. 1961 మొదలు పాత విస్తరణ పథకములు మహిళామండలులకు అప్పగింపబడినవి. మండలి పుష్టిగా నున్న ఊర బాలవాడి బ్రతికినది. లేనిచోట దానికి అండ లేకపోయెను. ఊరి స్త్రీలు చందా వసూలు చేయలేకపోయినచో ఆ ఊరి బిడ్డ ఎవరిని అడుగవలెను? బాధ్యతను పంచుకొనుట వేరు, దింపుకొనుట వేరు. ఆ రెండింటికి నడుమ గీత సన్ననిది. 1974లో జాతీయ బాలల విధానము ప్రకటింపబడి, 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 ప్రాంతములలో మొదలైనప్పుడు, అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చునది జీతము కాదు, గౌరవవేతనమనిరి. మాట మర్యాదగా నున్నది, పైకము మర్యాదగా లేదు.

ఆ మాట వెల ఎంతయో విజయవాడ 2023 డిసెంబరులో చూచినది. ఆంధ్రప్రదేశ్‌లోని సుమారు 55 వేల కేంద్రముల కార్యకర్తలు, ఆయాలు డిసెంబరు 12న సమ్మె ప్రారంభించిరి. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. గ్రాట్యుటీ వారికిని వర్తించునని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. ప్రభుత్వము జనవరి 6న అత్యవసర సేవల చట్టమును ప్రయోగించెను. చిత్రమేమనగా, వీరి పని అత్యవసరమని ఒప్పుకొనుటకు ప్రభుత్వమునకు చేయి వచ్చినది నిషేధాజ్ఞ వ్రాయునప్పుడే! 42 దినములు గడచిన మీదట చర్చలు ఫలించి సమ్మె ముగిసెను. ఆ నలువది రెండు దినములు తలుపులు సరిగా తెరచుకొనని కేంద్రముల ముందు నిలిచిన పిల్లలకు ఎవరు జవాబుదారు అను ప్రశ్నను ఇరువైపులవారును ఎదుటివారి మీదికే త్రోసిరి.

న్యాయవాదియైన దుర్గాబాయి వెదకిన దారి మాత్రము ఆమె మరణించిన రెండు దశాబ్దములకు తెరచుకొనెను. ఆహారహక్కును గూర్చి వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న మధ్యంతర ఉత్తర్వు చేయుచు, ఆరేండ్ల లోపు ప్రతి బిడ్డకును అంగన్‌వాడీ ఆహారము అందవలెననెను. ఆ ఉత్తర్వుల అమలు చూచుటకు 2002లో నియమించిన కమిషనర్లలో ఒకరు ఆంధ్రదేశమున పేదల అధికారిగా పేరుగన్న ఎస్.ఆర్. శంకరన్. 2004లో ఆహార సరఫరానుండి కాంట్రాక్టరులను తొలగింపుమనియు, 2006లో కేంద్రముల సంఖ్యను 14 లక్షలకు పెంచుమనియు కోర్టు ఆదేశించెను. 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చి బిడ్డ పళ్లెములోని అన్నము దయాధర్మము గాక హక్కయ్యెను. ఆదేశసూత్రములలో అడుగు దారి లేక పడియున్న మాటకు ఇట్లు కోర్టు గుమ్మము దొరకినది. ఇంతలో 2002 నాటి 86వ సవరణ 45వ అధికరణమును మార్చి, ఆరేండ్ల లోపు శిశువుల సంరక్షణ, విద్య అను విషయమునకు దానిని కేటాయించెను. హక్కుగా మాత్రము కాదు, యత్నముగానే.

పనికి పోవు తల్లుల పిల్లలకు శిశుగృహములు నడపు పథకమును సంక్షేమ బోర్డు చాలకాలము నిర్వహించెను. 2017 నుండి ఆ భారము రాష్ట్రముల ద్వారా సాగునట్లు మార్చి, ఖర్చులో కేంద్రమునకు 60, రాష్ట్రమునకు 30, స్వచ్ఛంద సంస్థకు 10 పాళ్లని విధించిరి. ఊరి రూపాయి కలియవలెనని దుర్గాబాయి పెట్టిన వంతు ఇచటను నీడవలె కనిపించును. అయితే నాడు ఆ వంతు లెక్క అడుగు హక్కునకు గుర్తు. ఆ పిమ్మట వాయిదా రాక, అద్దె కట్టలేక చిన్న సంస్థ చేతులెత్తుటకు కారణమయ్యెను. అనేక శిశుగృహములు మూతపడినవి. బోర్డును కూడ కేంద్ర ప్రభుత్వము మూసివేసినది.

దుర్గాబాయి ఉత్తరజీవితము ఢిల్లీలోను, హైదరాబాదులోను గడచెను. 1962లో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించి, పథకముల ఫలితములను పరిశోధించు పనికి పూనుకొనెను. ఇచ్చిన గ్రాంటు ఖర్చయినదా యని చూచుట గణకుని పని. ఖర్చయిన సొమ్ము వలన బిడ్డ బరువు పెరిగెనా, తల్లి చదివెనా యని చూచుట వేరొక విద్య. పదేండ్లు బోర్డు నడపిన అనుభవము ఆమెను ఈ రెండవ విద్యవైపు త్రిప్పినది. హైదరాబాదులో ఆంధ్ర మహిళాసభకు కళాశాల, ఆసుపత్రి, అక్షరాస్యతా కేంద్రము వెలసినవి. 1975లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ్ ఇచ్చెను. సభ చరిత్రను ఒక పుస్తకముగాను, భర్తతోడి జీవితమును మరియొక పుస్తకముగాను ఆంగ్లమున వ్రాసెను. 1981 మే 9న ఆమె కన్నుమూసెను; దేశ్‌ముఖ్ మరుసటి యేడు అక్టోబరు 2న.

1953లో చైనా వెళ్లి అచటి కుటుంబ న్యాయస్థానములను చూచివచ్చినది మొదలు, అట్టివి మన దేశమునను ఉండవలెనని ఆమె పలుమారు ప్రభుత్వమునకు చెప్పుచు వచ్చెను. ఆ చట్టము 1984లో వచ్చినది. భార్యాభర్తల తగవులలో పిల్లలు ఎవరి కడ పెరుగవలెను, వారి పోషణమునకు ఎవరు ఎంత చెల్లింపవలెను అను వ్యాజ్యములను విజయవాడ కుటుంబ న్యాయస్థానము విచారించుచున్నది ఆ చట్టము క్రిందనే.